మీ మరిది గ్లాసు

కర్నూలు, శ్రావణ శుక్రవారం

రంగమ్మక్క పాదాలకు మొక్కి చెల్లెలు సుబ్బమ్మ రాస్తున్నది. నువ్వు, బావ, పిల్లలు బాగుండారా? నీ మోకాళ్ల నొప్పులు తగ్గినాయా? ఈడ మేమిద్దరం బాగుండాము. నిజంగానే బాగుండాము, దిగులు పడొద్దు. సెల్లులో చెప్పబోతే మధ్యలో కట్టయిపోతుంది. ఈ సంగతి సగంలో ఆగకూడదని ఉత్తరం రాస్తున్నా.

కోయిలకుంట్లలో అంగడి మూసి ఈ ఊరికొచ్చి నాలుగు నెలలైంది. పొద్దున హాస్టల్లో వంట చేసి, పదింటికి ఆయనను ఆస్పత్రికి తీసుకుపోతాను. గొంతుకు కరెంటు, అదే రేడియేషన్, పెడుతున్నారు. కారం తగలకూడదు, జావ, మజ్జిగ అంతే. వీధి చివర బండి నుంచి ఉగ్గాని, మిరపకాయ బజ్జీల వాసన వస్తే ఆయన ముఖం చూడలేను. ఎండ మాత్రం మన ఊరి ఎండే.

నీకు ఒకటి చెప్పలేదు. బీడీ కూడా ముట్టని మనిషికి గొంతులో ఈ గడ్డ ఏమిటని మనవాళ్లంతా అన్నారు కదా. ముక్క తీసి బెంగళూరుకు పంపితే, ఒక వైరస్ వల్ల వచ్చిన క్యాన్సరని తేలింది. ఆ మాటకు భయపడిపోయినా. నావి దేవునికి నైవేద్యం వండే చేతులు కదా అని చెప్పి ఆయన తినే తట్ట, తాగే గ్లాసు వేరే పెట్టినా. నువ్వు ఆయన చేతికి కట్టమని పంపిన రక్షదారాన్ని గుర్తు కోసం ఆ గ్లాసుకు కట్టినా. ఆయన తాగి, తనే కడుక్కొని, కిటికీలో బోర్లించేవాడు.

నిన్న పరీక్షల గదిలోని డాక్టరమ్మ, మన నంద్యాల పిల్లే, నన్ను పిలిచింది. "రామ్మా, మీ ఆయన తరఫున ఎంతమంది వచ్చినారో చూడు" అని ఆయన గడ్డలోంచి తీసిన ముక్కను మైక్రోస్కోపులో చూపించింది. అక్కా, గులాబీరంగు గడ్డ చుట్టూ, దాని లోపల కూడా, ఆవాల మూట కుమ్మరించినట్టు ఊదా చుక్కలు.

"ఇవి ఒంటిని కాపాడే తెల్లకణాలు. వైరస్‌ను గుర్తుపట్టి వచ్చినాయి. ఇట్ల శానా చేరినోళ్లకు కరెంటు బాగా పనిచేస్తాది. మాట ఇయ్యలేను గానీ నాకు ఆశ ఉండాది" అంది. గడ్డ అప్పుడే సగానికి తగ్గిందంట.

గ్లాసు సంగతి మెల్లగా అడిగినా.

"ఎంగిలి తాగితే అంటేది కాదమ్మా ఇది. ఎప్పుడో వయసులో తగిలింటాది, దాన్ని తవ్వుకోవద్దు. ఆయన కణాలేమో పోయి గడ్డను చుట్టుకున్నాయి, నువ్వేమో దారం కట్టి దూరం పెడ్తివా?" అని నవ్వింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అయినా దారి పొడుగునా సంతోషమే.

ఇంటికొచ్చి గ్లాసు దారం తెంపినా. మజ్జిగ కలిపిచ్చి, ఆయన తాగగా మిగిలింది నేను తాగినా. ఆయన చూసి, పెగలని గొంతుతో, "ఏమే, దేవుడు ఒప్పుకున్నాడా?" అన్నాడు.

"డాక్టరమ్మ ఒప్పించింది" అన్నా. ఎన్నాళ్లకో నవ్వినాడు అక్కా.

ఇంకా పన్నెండు సార్లు కరెంటు ఉంది. అది అయినాక వస్తాము. బావకు చెప్పు, అందరి వరుసలోనే మీ మరిదికి విస్తరి వెయ్యండి. శనివారం ఆయన పేరుతో దీపం పెట్టు. బావకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. మమ్మల్నిద్దరినీ దీవించు.

నీ చెల్లెలు,
సుబ్బమ్మ

ఆ దారం రోజూ నీళ్లలో నాని చివికిపోయింది. గుడికి పోయినప్పుడు ఇంకొకటి తెచ్చి పంపు. ఈసారి ఆయన చేతికే కడతాను.