మాస్క్ ఎవరిష్టం వాళ్లది

విజయా,

నువ్వు పోయిన రోజు కోవిడ్ వార్డులోకి మమ్మల్ని రానివ్వలేదు. నర్సు ఫోన్ పట్టుకుంటే, అమ్ము వీడియోలో నీకు తన స్పెల్లింగ్ మార్కులు చెప్పింది. నువ్వు కళ్లు తెరిచి చూశావు. మధ్యాహ్నం రెండింటికి వాళ్లే మళ్లీ ఫోన్ చేశారు.

ఇవాళ్టికి ఏడాది. సాయంత్రం స్కూల్ బోర్డు మీటింగ్‌కి వెళ్లాను. పిల్లలకు మాస్క్ తప్పనిసరిగా ఉంచాలా, తీసేయాలా అని తేల్చే మీటింగ్. మాట్లాడడానికి ఒక్కొక్కరికి ఒక్క నిమిషం. అమ్ముకి ఆస్తమా ఉందని, వాళ్లమ్మ కోవిడ్‌తోనే పోయిందని చెప్పాను. "అయితే ఇంట్లోనే ఉంచుకో" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

నా తరువాత మన పక్కింటి శైలజ లేచింది. నువ్వు పోయాక నెలరోజులు మన గుమ్మంలో క్యారేజీ పెట్టి వెళ్లిన శైలజే. మాస్కులు తీసేయమని అడిగింది. వాళ్లబ్బాయి నిఖిల్‌కి చెవులు సరిగా వినపడవని నీకు తెలుసుగా, టీచర్ పెదవులు చూస్తేనే వాడికి పాఠం అర్థమయ్యేది. బోర్డు తీసేయడానికే ఓటు వేసింది. రేపటి నుంచి ఎవరిష్టం వాళ్లది.

పార్కింగ్ లాట్‌లో శైలజ నా దగ్గరికి వచ్చింది.

"అన్నయ్యా, తిట్టాలనుంటే తిట్టేయండి. మాట్లాడకుండా మాత్రం ఉండకండి. వాడికి ఏడాదిగా క్లాసులో ఒక్క ముక్క అర్థం కావట్లేదు."

"టీచర్‌కి ట్రాన్స్‌పరెంట్ మాస్క్ ఇమ్మని అడగాల్సింది."

"మూడుసార్లు మెయిల్ పెట్టాను. చూస్తామన్నారు, అంతే."

నువ్వుంటే ఏదో ఒకటి అనేదానివి.

రేపు పిల్లల్ని స్కూల్లో దించే వంతు నాది. ఏడున్నరకి శైలజ ఇంటి ముందు ఆగి నిఖిల్‌ని కూడా ఎక్కించుకుంటాను. ఈ టెక్సస్ ఉక్కలో ఏసీ ఆపేసి, గాలి ఆడేలా కారు అద్దాలు నాలుగూ దించి నడుపుతాను.