బంద్ నాడు గుట్టల మీదికెళ్లి

డిసెంబరు, శుక్రవారం

తెలంగాణ బంద్ అని బడి మధ్యాహ్నమే ఇడిచిపెట్టిన్రు. బస్సుల్లేవు, హైవే మీద టైర్లు కాలుతున్నయి. హయత్‌నగర్ నుంచి ఎల్బీనగర్‌కు గుట్టల మీదికెళ్లి పోదామని నేనే అన్న. పద్మక్క గూడ వచ్చింది. గుంటూరు మనిషి, మా బడిల తెలుగు టీచర్. "దారిలో ఎవరైనా అడిగితే నువ్వే మాట్లాడమ్మా, నేను నోరు తెరిస్తే తెలిసిపోద్ది" అన్నది.

గుట్టలు చిన్నయే గని నిట్టనిలువుగ ఉన్నయి. చలిల గూడ చెమట పట్టింది. రెండో గుట్ట మీద పోరగాళ్లు జెండాలు పట్టుకొని కూసున్నరు. "యాడికెళ్లి వస్తున్రక్కా?" అన్నరు. చెప్పిన. "ఈ అక్కకు గొంతు పోయింది" అని గూడ చెప్పిన. ఒక పిలగాడు ఫ్లాస్కుల చాయ్ ముందు ఆమెకే పోసిండు. "వేడి మీద తాగక్కా, గొంతుకు మంచిది."

మూడో గుట్ట దిగుతుంటే ఆమె జారి పడ్డది. మోకాలు గీసుకపోయి చీరకు నెత్తురంటింది. చుట్టూ మేకలు తప్ప ఎవ్వరు లేరు. అయినా "అమ్మా" అనలే. పెదవి కరుచుకొని నా దిక్కు చూసింది.

"ఎవ్వరు లేరక్కా, మాట్లాడొచ్చు" అన్న.

తల అడ్డంగ ఊపింది. వాళ్ల ఇంటి గేటు దాక అట్లనే నడిచింది.

సోమవారం మొదటి పీరియడ్ ఆమెదే. పిల్లల ముందల గొంతెత్తి పద్యం చదవాలె.