నీడన ఆరిన జామాకు

అమ్మాయీ, నీ చేతి పనిని ఇంకొకడు తన పేరు మీద ఊరేగిస్తుంటే, తలుపు గడియ పెట్టుకుని ఎన్నాళ్ళు కూర్చుంటావు?

ముందుగా నీకు నా దీవెనలు. ఇక్కడ అమ్మా నేనూ కులాసా. నా మోకాలు కూడా చెప్పిన మాట వింటోంది. అత్త ఇంట్లో వేళకు తింటున్నావని నమ్ముతాను.

"నాన్నా, ల్యాబులో నా పొడి ఇంకా పనిచేస్తోందా?" అని అడిగావు. జామాకు కషాయంలో జింకు ఉప్పు కలిపి, ఫర్నేసులో కాల్చి నువ్వు తీసిన ఆ తెల్లటి పొడి చిటికెడు వేసి ఎండలో పెడితే, అద్దకం నీళ్ళలోని నీలం గంటలో మాయమయ్యేది. మీ ప్రొఫెసరు దాన్ని తన పేరుతో అచ్చు వేయించుకుని నిన్ను గెంటేశాడు. ఇప్పుడు మూడు వారాలుగా ఆయన బీకరులో నీళ్ళు నీలంగానే ఉన్నాయి.

మొన్న నన్ను పిలిచాడు. ఆదివారాలు చర్చిలో బోధిస్తానని ల్యాబులోనూ నన్ను పాస్టరనే అంటాడుగా.

"ఏమయ్యా పాస్టరూ, ఆకు అదేనా?"

"అదే చెట్టు, అదే ఆకండీ."

"మరి రంగు పోదేం?"

"ప్రార్థన చేయమంటారా సార్?"

"పోవయ్యా, నీ ప్రార్థనా నువ్వూ!"

నేను అబద్ధమాడలేదు. ఆకు అదే. అటెండరుగా దాన్ని ఆరబెట్టి కాచేది నేనే కదా! నువ్వు నీడన ఆరబెట్టమన్న ఆకును మేడ మీద ఎండలో మాడుస్తున్నాను. మరగకముందే దించాల్సిన కషాయాన్ని తెర్లించి తెర్లించి చంపుతున్నాను. ఆ మేడ మెట్లు ఆయన ఏనాడూ ఎక్కలేదు. పగ తీర్చడం దేవుడి పని అని వందసార్లు బోధించింది నేనే. ఆ పుట మూసి, ప్రవక్తలు నిప్పులు చెరిగే పుటలు చదువుకుంటున్నాను.

ఇక నా గొంతులో ముల్లు. నీ నోట్సు పుస్తకం పోయిందని ఏడ్చావే, దాన్ని ఆయన చేతిలో పెట్టింది నేనే తల్లీ. "ఒకసారి చూసిస్తాను" అంటే, మా అమ్మాయి బుర్ర చూడనీ అని పొంగిపోయి ఇచ్చాను. నా కసిలో సగం నా మీదే.

నిన్న ఆయన బీరువా తుడుస్తూ నీ నోట్సును వెనక్కి తెచ్చాను. ఈరోజు మూడింటికి ఆయన పొడిని పరీక్షించడానికి ముగ్గురు నిపుణులు వస్తున్నారు. వాళ్ళ కళ్ళెదుటే ఆయన నీలం నీలంగానే నిలుస్తుంది. నీడన ఆరిన ఆకుతో, నువ్వు చెప్పినట్టే నేను చేసిన పొడి నా జేబులో ఉంది. నా ఉద్యోగం పోతే పోనీ! అందరూ చూస్తుండగా అది నీ చేత్తోనే ఆ నీళ్ళలో పడాలి.

ఈ ఉత్తరం తెచ్చిన బాబాయి బండి ఇంజను ఆపకుండా వీధిలోనే ఉన్నాడు. చదవడం ఆపు. చెప్పులేసుకో. ఈరోజే, ఇప్పుడే రా!

ఇట్లు,
నీ నోట్సు చంకలో పెట్టుకుని గేటు దగ్గర నిలబడే
నీ నాన్న