అత్తయ్య నడక బూట్లు

ఓనోమిచి,
నవంబరు 12

మీకు నమస్కరించి రాస్తున్నాను. బుద్ధ భగవానుడి దయవల్ల అత్తయ్యా నేనూ కులాసాగానే ఉన్నాం. సప్పోరోలో అప్పుడే మంచు మొదలైందన్నారు, ఉన్ని బనీను వేసుకుంటున్నారు కదూ?

అత్తయ్యకు చక్రాల కుర్చీ కొనమంటావా అని అడిగారు. ముందు కురాతా గారి సంగతి చెప్పాలి. తుంటి విరిగి అత్తయ్య ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచీ, వృద్ధుల సహాయ కేంద్రం తరఫున వస్తున్నది ఈవిడే. డాక్టరుతో, వ్యాయామం నేర్పే అతనితో, చివరికి టోఫూ అమ్మే ముసలాయనతో కూడా మాట్లాడి పెట్టుకుంది. "ఇవాళ మీ అత్తగారు గుమ్మం దాకా రాలేదేం?" అని ఒకరోజు నన్ను అడిగి, ఆ టోఫూ ఆయన వెంటనే కురాతా గారికి ఫోను చేశాడు. ఇంతమంది కళ్లు మన ఇంటి మీద ఎందుకు? అత్తయ్యను వృద్ధాశ్రమానికి పంపేస్తారేమోనని అనుమానం పట్టుకుంది. నేను టీ తెస్తే అత్తయ్యా కురాతా గారూ మాట ఆపేసేవారు.

"ఏమ్మా ఇకుయో, టీ ఇచ్చి ఎంతసేపైంది? ఆ తలుపుకే అతుక్కుపోయావా?" అని అత్తయ్య ఎత్తిపొడిచారు కూడా.

ఒకరోజు అత్తయ్య దిండు కింద మన ఇంటి పటం గీసిన కాగితం దొరికింది. అత్తయ్యకు అడ్డంకి అయిన చోట్ల, గడప దగ్గర, స్నానాల తొట్టి దగ్గర ఎర్ర గుర్తులు. వంటింట్లోనూ ఒకటి. దాని పక్కన కురాతా గారి చేతిరాత: "కోడలు. ఏ పనీ చేయనివ్వదు."

ఎంత ఏడ్చానో! నిజమే, పూజాపీఠానికి పొద్దున్నే అన్నం పెట్టే పని కూడా, పడిపోతారని నేనే తీసేసుకున్నాను.

ఇక దాచను. ఆ కోపంలో, ఆ భయంలో, అత్తయ్య మంగళవారం వ్యాయామానికి వీధి మెట్లు దిగి వెళ్లేటప్పుడు వేసుకునే బూట్లను పూజాపీఠం కింది అరలో దాచేశాను. రోజూ అక్కడే చేతులు జోడించాను. రెండు వారాలు ఆమె గడప దాటలేదు. ఇల్లంతా వెతికి, "ఎక్కడ పెట్టానో గుర్తే లేదు, మతి పోతోందమ్మా" అన్నారు. కురాతా గారు అది రాసుకుని, మతిమరుపు పరీక్షకు డాక్టరును తేదీ అడిగింది.

నిన్న బూట్లు తెచ్చి ఇద్దరి ముందూ పెట్టి, దాచింది నేనేనని చెప్పి, చాప మీద తల ఆనించాను. అత్తయ్య ఒక బూటు చేతిలోకి తీసుకుని తిప్పి చూశారు. తర్వాత, "అయితే నా మతి పోలేదన్నమాట! పోయింది నీదే!" అని పగలబడి నవ్వారు.

కురాతా గారు నవ్వలేదు. ఏదో రాసుకుంది. ఏం రాసిందోనని నాకింకా అనుమానమే.

ఈ ఉదయం బూట్లను గుమ్మంలో, మొనలు వీధి వైపు తిప్పి పెట్టాను. పూజాపీఠానికి అన్నం అత్తయ్యే పెట్టారు. సగం ఒలికింది. నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.

కుర్చీ కొనకండి.

ఇట్లు,
మీ భార్య
ఇకుయో