అక్క నెత్తి మీద పెట్టిన ఒట్టు

సాగర్ దగ్గర, ఆదివారం మధ్యాహ్నం

ప్రియమైన అక్కకు,

నీ చెల్లెలు సరోజ నమస్కారాలతో రాస్తున్నది. నేను ఇక్కడ బాగున్నాను. వేళకు తింటున్నాను, నిద్ర పోతున్నాను, కొంచెం ఒళ్ళు కూడా చేశాను. నువ్వూ బావా మన ఇంటికి కొత్తగా వచ్చిన బుజ్జిదీ ఎలా ఉన్నారు? నీకు పాలు సరిగ్గా పడుతున్నాయా? పాపకు బీసీజీ సూది వేయించారా? వేయించకపోతే బావ వెంటపడు, ఊరుకోకు.

బావ రాసిన కార్డు నిన్న అందింది. "మంగళవారం పగలు పన్నెండింటికి ఆడపిల్ల. కాస్త ఇబ్బంది అయింది. ఇప్పుడు ఇద్దరూ క్షేమం." అంతే, మూడు ముక్కలు. బావ సంగతి తెలిసిందే కదా, మాటలు ఎక్కడ ఖర్చయిపోతాయో అని భయం. ఆ కార్డు పట్టుకుని గడప మీద కూలబడి ఏడ్చాను. ఇంటామె నాగమ్మ అది చావు కబురనుకుని నాతోపాటు తనూ ఏడుపు అందుకుంది. సంగతి చెప్పాక కళ్ళు తుడుచుకుని, "ఆడపిల్ల పుట్టిందని గింతగనం ఏడుస్తరా? సదువుకున్నదానివి, సిగ్గులేదా!" అని నన్ను ఝాడించింది.

ఎందుకేడ్చానో ఆమెకు చెప్పలేదు. నీకు మాత్రం చెప్పాలి. నేనొక తప్పు చేశాను అక్కా. కోప్పడు, కానీ ఉత్తరం చివరిదాకా చదివాకే కోప్పడు.

ఇక్కడికి వచ్చి మూడు నెలలైంది. వానలు మొదలవుతుంటే వచ్చాను, ఇప్పుడు గుట్టల మీద సీతాఫలాలు కళ్ళు విప్పుతున్నాయి. మా సబ్‌సెంటర్ రోడ్డు పక్కనే. నా కింద అయిదు తండాలున్నాయి, అన్నీ గుట్టల్లోనే. రోడ్డు ఒక గుట్ట ఎక్కుతుంది, దిగుతుంది, మలుపు తిరిగితే సాగర్ నీళ్ళు. మళ్ళీ గుట్ట, మళ్ళీ నీళ్ళు. ఈ ఏడు నీళ్ళు నిండుగా వచ్చి రోడ్డుకు ఆమడ దూరంలో ఉండాల్సినవి దగ్గరికే వచ్చేశాయి. రోజుకు రెండు బస్సులు, అవీ వస్తే వచ్చినట్టు. మిగిలిన పొద్దంతా రోడ్డు మీద మేకలు, కంజుపిట్టలు, నేను.

తిండికి లోటు లేదు. నాగమ్మ జొన్నరొట్టె చేస్తుంది, చేపలైతే ఎక్కడ చూసినా చేపలే. ముల్లుకు భయపడి చేప ముట్టని నేను ఇప్పుడు ఒంటిచేత్తో ముల్లు తీస్తున్నాను. సాయంత్రాలే కొంచెం దిగులుగా ఉంటాయి. పొద్దు గుంకే వేళకు మన కోదాడ బస్టాండులో గోల గుర్తొస్తుంది. అప్పుడు ఆ గోలను తిట్టుకునేదాన్ని, ఇప్పుడు అదే కావాలనిపిస్తుంది. పెద్ద బెంగేమీ కాదులే, నువ్వు పరేషాన్ కాకు.

ఇక అసలు సంగతి. పోయిన ఏడు సూర్యాపేటలో ట్రైనింగుకు పోతుంటే హైవే మీద లారీ నా సైకిల్‌ను రాసుకుపోయిన రోజు నీకు గుర్తుచేయాల్సిన పని లేదు. కాలు విరిగి రెండు నెలలు నీ ఇంట్లో పడి ఉన్నాను. నాకు నీళ్ళు పోశావు, జడ వేశావు, మంచం కింద కుండ కూడా ఎత్తావు. కట్టు విప్పిన రోజు నా చెయ్యి లాక్కుని నీ నెత్తి మీద పెట్టుకున్నావు. "ఇంకెప్పుడూ సైకిల్ తొక్కనని చెప్పవే. చెప్పేదాకా చెయ్యి వదలను" అన్నావు. చెప్పాను. అప్పుడు నాకూ అదే మేలనిపించింది. లారీ హారన్ వింటేనే గుండె దడదడలాడేది.

తీరా ఉద్యోగం ఇక్కడ వచ్చింది. నాకు ముందున్న నర్సు తన లేడీస్ సైకిల్ వదిలేసి పోయింది. తండాలేమో నాలుగైదు కిలోమీటర్ల దూరం. నేనేం చేశానో తెలుసా? టీకా మందుల ఐస్ డబ్బా క్యారియర్‌కు కట్టి, రిజిస్టర్ల సంచి హ్యాండిల్‌కు తగిలించి, సైకిల్‌ను నెట్టుకుంటూ నడిచాను. తొక్కనని కదా ఒట్టు, నెట్టనని కాదు కదా. మూడు నెలలు అలాగే నెట్టాను. ఎగుడు నెట్టాను, దిగుడు కూడా బ్రేకులు పట్టుకుని నెట్టాను.

చూసిన ప్రతివాడూ పంచరైందనుకునేవాడు. మూడో తండాలో లచ్చు అని ఒకతను ఉన్నాడు, ఇరవై రెండేళ్ళుంటాయేమో. నన్ను చూస్తే చాలు, "ఏమైంది నర్సమ్మా, మల్ల పంచరైందా? ఇటు తే, జర సూస్త" అని టైరు నొక్కేవాడు. పంచర్ లేకపోయినా పంపు తెచ్చి గాలి కొట్టేవాడు. అతను కొట్టిన గాలి మీద తర్వాతి తండాలో ఇంకొకరు కొట్టేవారు. అసలు మాట చెప్పడానికి నాకు నామోషీ. దిష్టి లేదు, గాలి సోకడం లేదు, సూదికి భయపడకండి అని ఊరూరా చెప్పేదాన్ని, మా అక్క మీద ఒట్టుంది, సైకిలెక్కనని ఏ మొహంతో చెప్పను?

నువ్వు నవ్వుతావని తెలుసు. కానీ నీకు రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి నెలలు నిండుతున్న నీ నెత్తి మీద పెట్టిన ఒట్టును నేనెట్లా తప్పుతాను? చదివిన పుస్తకాలన్నీ ఒకవైపు, ఆ భయం ఒకవైపు. భయమే గెలిచింది.

మొన్న మంగళవారం పొద్దున పదకొండింటికి లచ్చు పరుగెత్తుకుంటూ వచ్చాడు. అతని పెండ్లాం మంగ్లికి తొలి కాన్పు. తెల్లవారుజాము నుంచి నొప్పులు, బిడ్డ రావడం లేదు, మనిషి సోయి తప్పుతున్నది. తండా అయిదు కిలోమీటర్లు. బస్సు లేదు. నడిస్తే గంట పైనే.

నేను సంచీ తీసుకుని, సైకిల్ హ్యాండిల్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

"పంచరేం లేదు నర్సమ్మా, నిన్ననే గాలి కొట్టిన. నువ్వు ఎక్కి పో, నేను ఎన్కనుంచి ఉర్కొస్త" అన్నాడు. నేను కదలలేదు. అతను చేతులు జోడించాడు. "నీ కాల్మొక్త, పో తల్లీ!"

అక్కా, ఆ నిమిషంలో నువ్వే కళ్ళముందున్నావు. ఒకవైపు నువ్వు, ఒకవైపు నేను సరిగ్గా ముఖం కూడా గుర్తుపట్టలేని మంగ్లి. తప్పైపోయింది అక్కా అని పైకే అనుకుని ఎక్కాను.

మొదట్లో హ్యాండిల్ అటూ ఇటూ ఊగింది. విరిగిన కాలు మోకాలి దగ్గర పట్టేసింది. మొదటి ఎగుడు దాటేసరికి మాత్రం కాళ్ళకు అన్నీ గుర్తొచ్చాయి. వెనక హారన్ మోగుతుందని చెవులు రిక్కించుకున్నాను. ఏమీ మోగలేదు. ఫ్రీవీల్ టిక్కుటిక్కుమని తిరిగే చప్పుడు తప్ప ఏమీ లేదు. దిగుట్లో గాలికి కొంగు ఎగిరింది, పక్కన నీళ్ళు నాతోపాటే వచ్చాయి. ఎదురొచ్చింది ఒక ముసలాయన, ఆయన గొర్రెలు. గంట కొట్టకముందే గొర్రెలను పక్కకు తోలి దారిచ్చాడు. అంత భయంలోనూ నాకు హాయిగా అనిపించింది అక్కా. ఇది కూడా నీ దగ్గర దాచను.

అరగంటలోపే చేరాను. బిడ్డ మెడకు పేగు చుట్టుకుని ఉంది. ట్రైనింగులో చెప్పినట్టే వేలు పెట్టి, మెల్లగా తలమీదుగా తప్పించాను. బయటికొచ్చాక ఒక నిమిషం ఏడవలేదు. వీపు రుద్దాక ఏడ్చింది. ఆడపిల్లే. మంగ్లి అత్త నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకు అద్దుకుంది. చెమటలు కక్కుతూ లచ్చు వచ్చేసరికి అంతా అయిపోయింది.

చేతులు కడుక్కున్నాను. ఇక ఆగలేక ఒట్టు సంగతి వాళ్ళకు చెప్పేశాను. లచ్చు నోరు తెరిచి చూశాడు. "గందుకా రోజూ నూకుకుంటొచ్చేది! మేమేమో గాలి కొట్టీ కొట్టీ సావబడ్తిమి" అన్నాడు. అతని తల్లి మాత్రం నవ్వలేదు. "ఒట్టు పెట్టించుకున్నామె నోటితోనే తియ్యాలె బిడ్డా. ఇంకొకలు తీస్తె పోదు. అక్కకు జల్ది రాయి" అంది.

ఎట్లా రాయను? నువ్వు ఏ స్థితిలో ఉన్నావో తెలియదు. బుధవారం నుంచి పోస్టు వచ్చే బస్సు కోసం రోడ్డు మీదే నిలబడ్డాను. బుధవారం లేదు, గురువారం లేదు, శుక్రవారం బస్సే రాలేదు. ముద్ద దిగలేదు. నిన్న కార్డు వచ్చింది. "మంగళవారం పగలు పన్నెండింటికి" అన్నది చదివి లెక్క వేసుకున్నాను. నేను మంగ్లి బిడ్డ మెడ నుంచి పేగు తప్పించింది అప్పుడే. "కాస్త ఇబ్బంది" అని బావ రాసిన మాటలో ఎంత ఉంటుందో కాన్పులు చేసేదాన్ని నాకు తెలుసు. నువ్వు అక్కడ ఆ ఇబ్బందిలో ఉండగా నేనిక్కడ నీ ఒట్టు తొక్కుకుంటూ వెళ్ళాను. అయినా నువ్వు ఉన్నావు, పాప ఉంది. అందుకే ఏడ్చాను. గుండె మీద బండ దించినట్టుంది. నిన్న రెండుపూటలా కడుపునిండా తిన్నాను.

నీ ఒంట్లో ఓపిక వచ్చాక రెండు పనులు చెయ్యి. బావ మిర్యాలగూడకు వచ్చేటప్పుడు ఉసిరికాయ తొక్కు, నా ఊలు శాలువా పంపు. మా కంపౌండర్ ప్రతి గురువారం అక్కడికి పోతాడు, తెచ్చిపెడతాడు. పాపను ఎండలో ఎక్కువసేపు ఉంచకు. పేరు నేనొచ్చేదాకా పెట్టకండి.

రెండో పని, నీ నెత్తి మీద నువ్వే చెయ్యి పెట్టుకుని ఆ ఒట్టు తీసెయ్యి. తీసేటప్పుడు ఈ రోజు నుంచి అని తియ్యకు. మా ఆఫీసులో సెలవు కాగితాలకు వేసినట్టు వెనకటి తేదీ వెయ్యి. మంగళవారం పొద్దున పదకొండింటి నుంచి అని పైకి చెప్పు. హైవే మీద ఎప్పటికీ తొక్కను, ఇక్కడి గుట్టల దారుల్లోనే తొక్కుతాను. నమ్మకం కుదరకపోతే దానికి కొత్త ఒట్టు పెట్టించుకో. కాకపోతే ఈసారి నీ నెత్తి మీద వద్దు అక్కా. నా నెత్తి మీదే పెట్టుకుంటాను.

బావకు నమస్కారాలు. మీ అత్తమ్మకు పాదాభివందనాలు. పాపకు ముద్దులు. నన్ను దీవించు.

నీ చెల్లెలు,
సరోజ