పగిలిన మిషన్ అద్దం

బాపూ, ఫోన్‌లో నీకు సరిగా వినపడదని కార్డు రాస్తున్నాను. నీ అల్లుడి కన్ను పోయిందని కేసముద్రంలో ఎవరో అన్నారట, నమ్మకు. ఇక్కడ అందరం బాగున్నాం.

మా కత్తుల షాపులో పాత సీఎన్‌సీ మిల్లింగ్ మిషన్ బిగించాం. కంప్యూటర్‌లో కత్తి ఆకారం పెడితే ఉక్కు పట్టీని అదే కోస్తుంది. మొదటి రోజు తొందరపడి, అప్పటికే కాల్చి గట్టిపరిచిన పట్టీ పెట్టాం.

“మిషన్ తలుపు తీసే ఉండనీ, ఎట్ల కోస్తదో చూద్దాం” అన్నాడు ఆయన.

“ఏమన్న ఎగిరొస్తే పరేషాన్ అయితది” అని నేనే తలుపు లాగి వేశాను. ఆయన మీట నొక్కగానే ఆ గట్టి ఉక్కుకు కోసే బిట్టు విరిగి, సరిగ్గా ఆయన ముఖానికి ఎదురుగా ఉన్న తలుపు అద్దానికి తగిలింది. అద్దం పగిలింది, ఆయనకు గీత కూడా పడలేదు. కానీ ఆ తర్వాత ఆయన చెయ్యి మీట మీదికి పోలేదు. కొత్త అద్దం వేయించి, మెత్తటి ఉక్కు పెట్టి, మెకానిక్ చెప్పినట్టే నేను నడిపాను. కత్తి సాఫుగా వచ్చింది.

అవ్వ మోకాళ్లకు దవాఖానలో ఏమన్నారు? మక్కలు మార్కెట్‌కు వేశారా? పిడులకు ఎండిన తుమ్మ కట్టె ఉంటే పంపు. అవ్వకు నా దండాలు. ఊళ్లో ఎవరన్నా అడిగితే, మిషన్ నీ బిడ్డే నడుపుతోందని చెప్పు.

తిరుమల, జనగామ