తడి ఆరకముందే

బర్మామైన్స్,
బుధవారం.

రోహిణి నాన్నకు, పద్మ నమస్కారాలు. ఇక్కడ నేనూ, పిల్లా కులాసాగానే ఉన్నాం. ఆ కొండల్లో చలి ఎలా ఉందో, సొరంగం పని ఎంతవరకు వచ్చిందో రాయండి. ఫోను అందని చోట మీరుండబట్టి గాని, లేకపోతే ఇదంతా కాగితం మీద పెట్టేదాన్ని కాదు.

రోహిణి తెలుగు మాట్లాడుతోందా అని అడిగారు. నేను తెలుగులో అడుగుతాను, అది హిందీలో చెబుతుంది.

అల్యూమినియానికి తుప్పు పట్టదు కదా, నేను పనిచేసే షెడ్డులో మూతలకు నూనె రాయడం దేనికి అని కూడా అడిగారు. ఇనుములా ఎర్రగా పట్టదు. కాని రంగు వెయ్యని ఇంజిను మూతల మీద తడి నిలిస్తే తెల్లటి పొడి లేస్తుంది. తుడిస్తే కింద సన్నటి గుంటలు. చెమట చెయ్యి తగిలినా మచ్చే. అందుకే కడిగి, బోల్టు రంధ్రాల్లోకి కూడా గాలి కొట్టి ఆరబెట్టి, పలచగా నూనె రాసి, సంచిలో మూసి పెట్టెలకెత్తుతాం.

ఇంతదాకా రాసి రెండుసార్లు లేచాను. పెట్టుకున్న టీ చల్లారిపోయింది. “క్యా హువా, అమ్మా?” అని రోహిణి అడిగితే “ఏటీ నేదు, సదువుకో” అన్నాను. మీకు చెప్పాల్సింది వేరే ఉంది.

పోయిన నెల ఒక వాన రోజు, మన వీధిలో ఉంటూ నాతోపాటు షెడ్డులో పనిచేసే కాంతం, మందుల కోసం సాక్చి బజారుకు వెళ్తూ తన బల్ల మీది పని నాకు అప్పగించింది. అంతలో రోహిణికి జ్వరమని స్కూలు నుంచి ఫోను. చివరి పెట్టెలో మూతలకి గాలి కొట్టకుండానే నూనె రాసి, మూసేసి పరుగెత్తాను. ఆ పెట్టెలో మూతలు తెల్లబడ్డాయని కొన్నవాళ్ళు తిప్పి పంపారు. బల్ల ఆమెది కాబట్టి పెట్టెకి అంటించిన చీటీ మీద కాంతం పేరే ఉంది.

“ఏటమ్మా, ఆరకుండానే మూసీసినావా?” అని సూపర్వైజరు సీతారామరావు గారు అందరి ముందూ అడిగారు.

“నాను అలాగ సెయ్యను బాబూ,” అంది కాంతం. అది ఏ రోజు పెట్టో ఆమెకు గుర్తు లేదు. నాకు గుర్తుంది. ఆమెను పని మానిపించారు.

నాలుగు రోజులు ఎప్పటిలాగే పనికి వెళ్ళొచ్చాను. ఐదో రోజు సీతారామరావు గారి దగ్గరికి వెళ్ళి చెప్పేశాను. కాంతాన్ని తిరిగి పిలిచారు. నన్ను వారం రోజులు రావద్దన్నారు.

నిన్న ఆమె ఇంటికి వెళ్ళాను. లోపలికి రమ్మనలేదు.

“నాలుగు రోజులు నా గుమ్మం ముందునించే పనికెల్లినావు. ఓపాలైనా నీ కాలు ఆగనేదేటే, పద్మా?”

ఆగింది. రోజూ ఆగింది. ఆ మాట ఆమెతో అనలేక వచ్చేశాను.

ఇట్లు,
మీ భార్య
పద్మకుమారి